బ్రాంకియెక్టాసిస్: అనుమానం నుంచి రోజువారీ చికిత్స వరకు ఏది ముందు, ఏది తరువాత

"స్కాన్ నివేదికలో బ్రాంకియెక్టాసిస్ అని రాశారు, ఇప్పుడేం చేయాలి?" అన్న ప్రశ్న, దాని వెనుకే "మళ్లీ టీబీ మందులు మొదలుపెట్టాలా?" అన్న మరో ప్రశ్న విశాఖపట్నం, విజయనగరం, పాడేరు వైపు పాఠకుల నుంచి పదే పదే వస్తున్నాయి. అందుకే ఏ పని ముందు, ఏది తరువాత అన్న వరుసలో ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇది మందుల చీటీ కాదు. మందు ఎంపిక, మోతాదు మీ ఛాతీ వైద్యుడే నిర్ణయించాలి.

ఈ జబ్బులో అసలు చికిత్స కఫాన్ని రోజూ బయటికి తీయడమే, యాంటీబయాటిక్ దానికి తోడు మాత్రమే. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, ఏడాది పొడవునా మాత్రలు మారుస్తూ, కఫం తీసే పద్ధతిని మాత్రం ఒక్కసారి కూడా నేర్చుకోరు. కింది భాగాల్లో 7వది కాస్త పొడవుగా ఉండడానికి కారణం అదే.

## 1. జబ్బు తీరు

శ్వాసనాళాల గోడలు దెబ్బతిని, ఆ నాళాలు శాశ్వతంగా వెడల్పుగా సాగిపోవడమే బ్రాంకియెక్టాసిస్. మామూలుగా నాళాల లోపలి పొర మీద ఉండే సన్నని నూగు కఫాన్ని నిరంతరం గొంతు వైపు తోస్తూ ఉంటుంది. గోడ సాగిపోయిన చోట ఆ పని జరగదు కనుక కఫం నిలుస్తుంది, నిలిచిన కఫంలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి, వాటి మీద శరీరం చేసే పోరాటంలో వాపు వచ్చి గోడ మరింత పాడవుతుంది, దాంతో ఇంకొంచెం కఫం నిలుస్తుంది.

ఈ చక్రాన్ని ఒక్క మందు తెంపలేదు. కఫం తీయడం, క్రిములను అదుపు చేయడం, వాపు తగ్గించడం, మూలకారణానికి వైద్యం చేయడం అన్న నాలుగు పనులు కలిసి సాగాలి. పెద్దవాళ్లలో సాగిన నాళం సాధారణంగా తిరిగి మామూలు స్థితికి రాదు. అయినా దగ్గును, కఫాన్ని, జబ్బు తిరగబెట్టే సంఖ్యను బాగా తగ్గించుకోవచ్చు.

## 2. ఎప్పుడు అనుమానించాలి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఛాతీ వైద్యుణ్ణి కలవడం మంచిది.

- ఎనిమిది వారాలు దాటినా తగ్గకుండా, రోజూ కఫంతో కూడిన దగ్గు.
- కఫం తరచుగా పసుపు లేదా ఆకుపచ్చ రంగులోకి మారడం, దుర్వాసన రావడం.
- కఫంలో రక్తపు చారలు.
- ఏడాదిలో పలుమార్లు "ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది" అని చెప్పి యాంటీబయాటిక్ వాడవలసి రావడం.
- టీబీ నయమైన తరువాత కూడా అదే వైపు నుంచి కఫం వస్తూనే ఉండడం.
- సరైన ఇన్‌హేలర్ వాడుతున్నా ఉబ్బసం అదుపులోకి రాకపోవడం.

పొగ తాగనివారికి ఇది రాదనుకోవడం పొరపాటు. చిన్నతనంలో వచ్చిన తట్టు, కోరింత దగ్గు, న్యుమోనియా కూడా దశాబ్దాల తరువాత ఈ రూపంలో బయటపడవచ్చు.

## 3. వైద్యుని దగ్గరికి వెళ్లేముందు సిద్ధం చేసుకోవలసినవి

పెద వాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికైనా, కేజీహెచ్, విమ్స్ వంటి విశాఖ పెద్దాసుపత్రులకైనా, ప్రైవేటు క్లినిక్‌కైనా వెళ్లే ముందు ఒక సంచిలో ఇవన్నీ పెట్టుకుంటే మొదటి సందర్శన వృథా కాదు.

- పాత ఎక్స్‌రేలు, స్కాన్ సీడీలు. నివేదిక కాగితం ఒక్కటే చాలదు, బొమ్మలు కావాలి.
- గతంలో టీబీ వచ్చి ఉంటే ఏ సంవత్సరం, ఎన్ని నెలలు మందులు వాడారు, కఫంలో క్రిమి నిజంగా కనిపించిందా లేక ఎక్స్‌రే చూసి మొదలుపెట్టారా అన్న వివరం.
- గత ఏడాదిలో వాడిన యాంటీబయాటిక్‌ల పేర్లు, ఎన్ని రోజులు వాడారో.
- చిన్ననాటి జబ్బులు, సైనస్ బాధ, కీళ్ల నొప్పులు, పుల్లని తేన్పులు, సంతానలేమి వంటి వివరాలు. సంబంధం లేనట్టు కనిపించినా కారణం వెతకడానికి ఇవే దారి చూపుతాయి.
- ఒక వారంపాటు రాసుకున్న కఫం లెక్క: రోజుకు సుమారు ఎన్ని చెంచాలు, ఏ రంగు, చిక్కగానా పల్చగానా.

ఆ చివరి లెక్కకు ఖరీదేమీ లేదు. పది నిమిషాల సందర్శనలో వైద్యునికి అన్నిటికంటే ఎక్కువ పనికి వచ్చేది అదేనని నా అభిప్రాయం.

## 4. స్కాన్ చేయించుకోవడం, నివేదిక చదవడం

ఎక్స్‌రే మామూలుగా ఉన్నా ఈ జబ్బు ఉండవచ్చు. నిర్ధారణకు ఛాతీ హెచ్‌ఆర్‌సీటీ, అంటే ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే పల్చని పొరలుగా తీసే స్కాన్ కావాలి. దీనికి సాధారణంగా రంగు మందు ఇంజెక్షన్ అక్కర్లేదు. జబ్బు తిరగబెట్టిన సమయంలో కాకుండా నిలకడగా ఉన్నప్పుడు తీయించుకుంటే, తాత్కాలిక మార్పులను శాశ్వత మార్పులుగా పొరబడే ప్రమాదం తగ్గుతుంది.

శ్వాసనాళం తన పక్కనే నడిచే రక్తనాళం కంటే వెడల్పుగా ఉండడం, అంచుకు పోయే కొద్దీ సన్నబడవలసిన నాళం సన్నబడకపోవడం, ఊపిరితిత్తి పొరకు ఒక సెంటీమీటరు దూరంలోపు కూడా నాళం కనిపించడం, ఈ మూడింటిని రేడియాలజిస్టు వెతుకుతారు.

ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. పై భాగాల్లో ఎక్కువగా ఉంటే పాత టీబీని, నాళాల మధ్య భాగంలో ఉంటే ఆస్పర్జిల్లస్ అనే బూజు అలర్జీని, కింది భాగాల్లో ఉంటే చిన్ననాటి ఇన్‌ఫెక్షన్లను లేదా ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారడాన్ని ముందుగా ఆలోచిస్తారు.

నివేదికలో "ట్రాక్షన్ బ్రాంకియెక్టాసిస్" అని ఉంటే కంగారుగా ఈ మార్గదర్శిని అనుసరించకండి. పక్కనున్న ఊపిరితిత్తి గట్టిపడి నాళాన్ని లాగడం వల్ల వచ్చే స్థితి అది, దాని చికిత్స దారి వేరు. అలాగే దగ్గు గానీ కఫం గానీ లేని వృద్ధుల స్కాన్‌లో కాస్త వెడల్పు కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు.

## 5. కఫం నమూనా సరిగ్గా ఇవ్వడం

ఖరీదైన స్కాన్ చేయించుకున్నవారు కూడా ఈ చిన్న పనిలో తప్పుతారు. డబ్బాలో ఉమ్మి ఇచ్చి వస్తే నోటిలోని క్రిముల పేర్లు వస్తాయి గాని ఊపిరితిత్తుల్లో ఉన్నదేమిటో తెలియదు.

1. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే నమూనా ఇవ్వండి.
2. మూత బిగించే వీలున్న, వెడల్పు నోరున్న శుభ్రమైన డబ్బాను ప్రయోగశాల నుంచే తీసుకోండి. ఇంట్లోని సీసాలు పనికిరావు.
3. ఉదయం మామూలు నీటితో నోరు పుక్కిలించండి. మౌత్‌వాష్ వాడకండి.
4. 7వ భాగంలో చెప్పిన పద్ధతిలో లోతు నుంచి కఫం తీసి, ఒక చెంచా పరిమాణం తగ్గకుండా డబ్బాలో వేయండి. గాలి ఆడే చోట, ఇతరులకు దూరంగా ఈ పని చేయండి.
5. రెండు గంటల్లోపు ప్రయోగశాలకు చేర్చండి. ఆలస్యం తప్పకపోతే డబ్బాను మరో సంచిలో మూసి ఫ్రిజ్‌లో, గడ్డకట్టని అరలో ఉంచండి.
6. చీటీ మీద "బ్రాంకియెక్టాసిస్ ఉంది" అని రాయించండి. సూడోమొనాస్ వంటి క్రిములను ప్రత్యేకంగా వెతకడానికి అది అవసరం.

అరకు, పాడేరు వైపు నుంచి ఘాట్ రోడ్డు దిగి వచ్చేవారు ఇంట్లో తీసిన నమూనాను ఎండలో గంటల తరబడి మోసుకురావడం కన్నా, నగరానికి చేరాక ప్రయోగశాల దగ్గరే ఇవ్వడం మేలు.

కఫంలోని క్రిములను పెంచి గుర్తించే మామూలు కల్చర్‌తో పాటు టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్ష, మైకోబ్యాక్టీరియా (టీబీ క్రిమి, దాని జాతి క్రిములు) కల్చర్ అవసరమా అని అడగండి. టీబీ పరీక్షలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా జరుగుతాయి. మైకోబ్యాక్టీరియా కల్చర్ ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు కనుక, వారంలో రాలేదని నమూనా పోయిందనుకోనక్కర్లేదు.

## 6. కారణం వెతకడం

బ్రాంకియెక్టాసిస్ అన్న పేరుతో ఆగిపోతే సగం పనే జరిగినట్టు. 2019లో ప్రచురితమైన భారతదేశపు రోగుల నమోదు అధ్యయనంలో 2,195 మందిని పరిశీలించగా, మూడో వంతుకు పైగా కేసుల్లో పాత టీబీయే కారణమని తేలింది. కాబట్టి మన దగ్గర టీబీ మొదటి అనుమానం కావడం సహజం. మిగిలిన కారణాల్లో కొన్నింటికి ప్రత్యేక చికిత్స ఉంది కనుకనే వాటిని వదిలిపెట్టకూడదు.

మొదటి విడతలో అడగవలసిన పరీక్షలు:

- ఇసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే తెల్లకణాలు) లెక్కతో సహా రక్త కణాల పరీక్ష, రక్తంలో చక్కెర.
- మొత్తం ఐజీఈ (అలర్జీలో రక్తంలో పెరిగే ప్రతిరక్షకం), ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్‌కు ప్రత్యేక ఐజీఈ.
- ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే రోగనిరోధక ప్రతిరక్షకాల స్థాయిలు, హెచ్ఐవీ పరీక్ష.
- స్పైరోమెట్రీ, అంటే ఊది చేసే శ్వాస సామర్థ్య పరీక్ష.

ఐజీఈ విషయంలో తొందర వద్దు. కడుపులో నులిపురుగులు, ఇతర అలర్జీలు, ఉత్తరాంధ్ర తీరంలో ఎప్పటి నుంచో ఉన్న ఫైలేరియా కూడా దాన్ని పెంచగలవు. ప్రత్యేక ఐజీఈ, స్కాన్, ఉబ్బసం చరిత్ర మూడూ కలిపి చూసిన తరువాతే బూజు అలర్జీ అని నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం జరిగితే చికిత్స ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ లేదా బూజును అణచే ఇట్రాకోనజోల్‌తో నెలల తరబడి సాగుతుంది. ఇట్రాకోనజోల్ వాడేవారు తమ ఇన్‌హేలర్ పేరు తప్పక చెప్పాలి, ఎందుకంటే కొన్ని ఇన్‌హేలర్లలోని స్టెరాయిడ్ ఈ మందుతో కలిసినప్పుడు శరీరంలో మోతాదుకు మించి పేరుకుంటుంది.

కీళ్ల నొప్పులుంటే రుమటాయిడ్ పరీక్షలు, చిన్న వయసులోనే మొదలై బరువు పెరగకపోతే చెమటలో క్లోరైడ్ పరీక్ష, పుట్టుక నుంచీ సైనస్ బాధ ఉండి గుండె కుడివైపున ఉంటే నాళాల నూగుకు సంబంధించిన పరీక్షలు చేస్తారు. ఒకే ఒక్క భాగంలో జబ్బు ఉంటే, ముఖ్యంగా పిల్లల్లో, వేరుశనగ గింజో సీతాఫలం గింజో నాళంలో ఇరుక్కుందేమోనని, సన్నని గొట్టంతో నాళాల లోపల చూసే బ్రాంకోస్కోపీ అవసరం కావచ్చు.

తరచుగా జరిగే పొరపాటు: మచ్చ చూసి మళ్లీ టీబీ మందులు. పాత టీబీ వదిలివెళ్లిన మచ్చలు ఎక్స్‌రేలో జీవితాంతం ఉంటాయి. కఫం పెరిగి జ్వరం వచ్చినప్పుడు ఆ మచ్చలే మళ్లీ కనిపిస్తాయి. కఫ పరీక్షలో ఆధారం లేకుండా, ఎక్స్‌రే ఒక్కదానితో ఆరు నెలల కోర్సు మళ్లీ మొదలుపెట్టడం ఎంతోమందికి జరుగుతోంది. ఇటీవలే టీబీ మందులు పూర్తి చేసినవారిలో సీబీనాట్ చనిపోయిన క్రిముల జన్యుపదార్థాన్ని కూడా పట్టవచ్చు కనుక, అతి తక్కువ స్థాయిలో పాజిటివ్ వస్తే కల్చర్‌తో రూఢి చేయమని మర్యాదగానే, గట్టిగానే అడగండి. అలాగని నిజంగా టీబీ తిరిగి వచ్చే అవకాశాన్ని కొట్టిపారేయకూడదు, బరువు తగ్గడం, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు ఉంటే పరీక్ష వెంటనే జరగాలి.

## 7. రోజూ కఫం తీసే పద్ధతి

ఒక్కసారైనా శ్వాస వ్యాయామాలు తెలిసిన ఫిజియోథెరపిస్టు ముందు కూర్చుని నేర్చుకోండి. కింద రాసింది ఆ తరువాత ఇంట్లో గుర్తు చేసుకోవడానికి.

సమయం. రోజుకు రెండుసార్లు, ఒక్కో విడత 10 నిమిషాలకు తగ్గకుండా, 30 నిమిషాలకు మించకుండా. ఉదయం కాఫీ, టిఫిన్‌లకు ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. భోజనం చేసిన వెంటనే చేస్తే వాంతి అవుతుంది.

మందుల వరుస. ఈ వరుస తప్పితే మందు కఫం మీద పడి వృథా అవుతుంది.

1. నాళాలు తెరిచే ఇన్‌హేలర్ రాసి ఉంటే ముందు అది. తరువాత 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి.
2. ఉప్పునీటి నెబ్యులైజేషన్ (యంత్రంతో సన్నని తుంపరగా చేసి పీల్చడం) రాసి ఉంటే అది.
3. కఫం తీసే వ్యాయామం.
4. చివరగా, పీల్చే యాంటీబయాటిక్ లేదా స్టెరాయిడ్ రాసి ఉంటే అవి. స్టెరాయిడ్ తరువాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

శ్వాస చక్రం.

1. నిటారుగా కూర్చుని భుజాలు వదులు చేయండి. ఒక చేయి పొట్ట మీద పెట్టి అర నిమిషం నెమ్మదిగా, మామూలుగా శ్వాసించండి.
2. ముక్కుతో లోతుగా గాలి పీల్చి, రెండు మూడు సెకన్లు బిగబట్టి, బలవంతం లేకుండా వదలండి. ఇలా మూడు నుంచి ఐదు సార్లు. బిగబట్టిన ఆ క్షణాల్లో కఫం వెనుకకు గాలి చేరుతుంది, అందుకే ఈ మెట్టును దాటవేయకూడదు.
3. మళ్లీ అర నిమిషం మామూలు శ్వాస.
4. ఓ మోస్తరుగా గాలి పీల్చి, నోరు గుండ్రంగా తెరిచి, కళ్లద్దాల మీద ఆవిరి పట్టించడానికి ఊదినట్టు "హా" అంటూ దీర్ఘంగా వదలండి. ఇది కింది నాళాల్లోని కఫాన్ని పైకి తెస్తుంది.
5. గరగర గొంతు దగ్గరికి వచ్చిందనిపిస్తే, నిండుగా గాలి పీల్చి, పొట్టిగా, వేగంగా మరో "హా". అప్పుడు ఒక్క దగ్గుతో కఫం వచ్చేస్తుంది.
6. ఒకటి రెండు ఊదుళ్ల తరువాత తప్పక మామూలు శ్వాసకు రండి. వరుసగా రెండు చక్రాల్లో గరగర గానీ కఫం గానీ లేకపోతే ఆ విడత ముగిసినట్టే.

పడుకునే భంగిమ. స్కాన్‌లో జబ్బు ఏ వైపు ఉందో తెలిసాక, ఆ వైపు పైకి వచ్చేలా పడుకుని పై చక్రం చేస్తే కఫం సులువుగా జారుతుంది. కుడివైపు జబ్బుంటే ఎడమవైపు తిరిగి పడుకోవాలి. తల కిందికి వాల్చే పాత పద్ధతిని పుల్లని తేన్పులు, అధిక రక్తపోటు, గుండె బలహీనత, ఆయాసం ఉన్నవారు, ఇటీవల కఫంలో రక్తం చూసినవారు చేయకూడదు. మంచం మీద సమంగా, పక్కకు తిరిగి పడుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

ఊదినప్పుడు గాలిని కంపింపజేసే చేతి పరికరం ఒంటరిగా ఉండే వృద్ధులకు బాగా ఉపయోగపడుతుంది. ఏ పరికరమైనా రోజూ వాడితేనే ఫలితం. బీరువాలో ఉన్న ఖరీదైన పరికరం కన్నా రోజూ చేసే ఉచితమైన శ్వాస చక్రమే నయం.

ఉప్పునీరు. 3 శాతం లేదా 7 శాతం ఉప్పు ద్రావణం చిక్కని కఫాన్ని పల్చబరుస్తుంది, కొందరిలో మాత్రం నాళాలను బిగిస్తుంది. అందుచేత మొదటి మోతాదు ఆసుపత్రిలోనే, ముందు వెనుక శ్వాస పరీక్షతో తీసుకోవాలి. ఇంట్లో ఉప్పు కలిపి తయారుచేసిన నీటిని నెబ్యులైజర్‌లో ఎప్పుడూ పోయకండి.

పొరపాట్లు, సవరణలు.

- *దగ్గి దగ్గి అలసిపోతున్నాను, కఫం రావడం లేదు.* బలంగా దగ్గితే నాళాలు ముడుచుకుంటాయి. దగ్గు ఆపి, "హా" ఊదుడు పొడవు పెంచండి, మధ్యలో మామూలు శ్వాసకు ఎక్కువ సమయం ఇవ్వండి.
- *తల తిరుగుతోంది.* లోతు శ్వాసలు వరుసగా ఎక్కువ తీశారు. మూడింటితో ఆపండి.
- *పిల్లికూతలు మొదలయ్యాయి.* నాళాలు తెరిచే మందు ముందు తీసుకోలేదు, లేదా ఊదుడు మరీ బలంగా ఉంది.
- *కఫం లేని రోజు మానేశాను.* అలాంటి రోజు 10 నిమిషాలు చేసి ఆపండి గాని పూర్తిగా మానవద్దు.
- *దగ్గు సిరప్ తాగుతున్నాను.* దగ్గును అణచే సిరప్ ఈ జబ్బులో కఫాన్ని లోపలే బంధిస్తుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే సిరప్ సీసాను వైద్యునికి చూపించే వరకు తాగకండి.
- *ఆవిరి పడుతున్నాను కదా.* ముక్కుకు హాయిగా ఉంటుంది, కఫం తీసే పనికి బదులు కాదు. మరిగే నీటి గిన్నె మీద వంగి ముఖం కాల్చుకునేవారు ఏటా ఉంటారు.

## 8. నెబ్యులైజర్ శుభ్రత

సూడోమొనాస్ తడిలో బతికే క్రిమి. విశాఖ సముద్రపు గాలిలో కడిగిన వస్తువు సొంతంగా ఆరడానికి చాలాసేపు పడుతుంది, తడిగానే డబ్బాలో మూసిపెడితే క్రిమికి ఇల్లు కట్టి ఇచ్చినట్టే.

- ప్రతి వాడకం తరువాత మందు గిన్నె, మాస్కు లేదా నోటి గొట్టం సబ్బు నీటితో కడిగి, బాగా విదిలించి, శుభ్రమైన పొడి గుడ్డ మీద ఫ్యాను కింద ఆరబెట్టాలి.
- తయారీదారు అనుమతిస్తే రోజుకోసారి వాటిని మరిగే నీటిలో ఉంచాలి. గాలి గొట్టాన్ని, యంత్రాన్ని తడపకూడదు.
- కుళాయి నీరు, మినరల్ వాటర్ మందులో కలపకూడదు.
- మాస్కు, గిన్నె ఇంకొకరితో పంచుకోకూడదు, ఇంట్లో మరొకరికి ఉబ్బసం ఉన్నా సరే.

## 9. జబ్బు తిరగబెట్టినప్పుడు

కింది ఆరింటిలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ, 48 గంటలకు పైగా మామూలు కన్నా ఎక్కువైతే జబ్బు తిరగబెట్టినట్టు లెక్క: దగ్గు, కఫం పరిమాణం లేదా చిక్కదనం, కఫం రంగు, ఆయాసం, నీరసం, కఫంలో రక్తం. మొదట్లో మీరు రాసుకున్న వారం రోజుల లెక్క ఇక్కడే పనికి వస్తుంది, మీ మామూలు ఏమిటో తెలియకపోతే పెరుగుదల ఎలా తెలుస్తుంది?

1. అదే రోజు కఫం నమూనా ఇవ్వండి.
2. వైద్యునికి ఫోను చేసి పాత కల్చర్ నివేదిక చెప్పండి. దాని ఆధారంగా యాంటీబయాటిక్ మొదలుపెడతారు, కొత్త ఫలితం వచ్చాక అవసరమైతే మారుస్తారు.
3. కోర్సు సాధారణంగా 14 రోజులు. నాలుగో రోజుకే తేలికపడిందని ఆపితే నెల తిరగకుండానే మళ్లీ మొదలవుతుంది.
4. కఫం తీసే విడతలను రెండు నుంచి మూడు నాలుగుకు పెంచండి. జ్వరంలో మానేయాలనిపించేది ఇదే, మానకూడనిదీ ఇదే.

సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి మందులను చీటీ లేకుండా కొనకండి. అవి టీబీ క్రిమిని కొంతకాలం అణచి, పరీక్షలో దొరకకుండా చేసి, నిర్ధారణను వెనక్కి నెడతాయి. కండర స్నాయువులు తెగే ప్రమాదం కూడా ఉంది, స్టెరాయిడ్ వాడే వృద్ధుల్లో ఇది ఎక్కువ.

వెంటనే ఆసుపత్రికి, అవసరమైతే 108కి: కూర్చున్నా ఆయాసం, పెదవులు నీలంగా మారడం, మగతగా లేదా తికమకగా మాట్లాడడం, మీ మామూలు కన్నా ఆక్సిజన్ శాతం బాగా పడిపోయి 92 కన్నా తగ్గడం, మందు నోటితో నిలవకపోవడం. ఆక్సిమీటరు పెట్టే వేలికి గోళ్ల రంగు ఉండకూడదు, చేయి చల్లగా ఉండకూడదు.

## 10. కఫంలో రక్తం పడితే

చిన్న చారలు జబ్బు తిరగబెట్టిందనడానికి గుర్తు కావచ్చు, ఆ రోజే వైద్యునితో మాట్లాడితే సరిపోతుంది. 24 గంటల్లో రెండు చెంచాలకు, అంటే 10 మిల్లీలీటర్లకు మించితే మాత్రం ఇంట్లో వేచి ఉండకండి.

- జబ్బు ఏ వైపు ఉందో ఆ వైపు కిందికి వచ్చేలా పడుకోవాలి. కఫం తీసేటప్పటి భంగిమకు ఇది సరిగ్గా తిరగేసింది, ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.
- కఫం తీసే వ్యాయామం, ఉప్పునీరు ఆపాలి.
- ఆస్పిరిన్ వంటి రక్తాన్ని పల్చబరిచే మందులు వాడుతుంటే ఆ చీటీ వెంట తీసుకెళ్లాలి.

ఎక్కువ రక్తస్రావంలో, రక్తమోడే నాళాన్ని లోపలి నుంచి మూసే బ్రాంకియల్ ఆర్టరీ ఎంబోలైజేషన్ మొదటి చికిత్స. ఇది అన్నిచోట్లా జరగదు కనుక, గతంలో ఒకసారైనా రక్తం పడినవారు నగరంలో ఏ ఆసుపత్రిలో ఈ సదుపాయం ఉందో, ఎన్టీఆర్ వైద్య సేవ కింద వర్తిస్తుందో సహాయ కేంద్రంలో ఇప్పుడే అడిగి, గోడ మీద రాసి పెట్టుకోవాలి.

## 11. దీర్ఘకాలం వాడే మందులు

ఏడాదిలో మూడు లేదా అంతకు మించి తిరగబెడుతుంటేనే ఈ దశ గురించి ఆలోచిస్తారు, అదీ కఫం తీసే పద్ధతి సరిగ్గా సాగుతోందో లేదో మరోసారి చూసిన తరువాత.

అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను వారంలో మూడు రోజులు లేదా తక్కువ మోతాదులో రోజూ, కనీసం ఆరు నెలలు ఇవ్వడం ఒక పద్ధతి. మొదలుపెట్టే ముందు మూడు పనులు జరగాలి: టీబీ కాని ఇతర మైకోబ్యాక్టీరియా లేవని కల్చర్‌తో తేల్చడం, ఈసీజీ తీయడం, వినికిడిలో లోపం, కాలేయంలో సమస్య ఉన్నాయేమో చూడడం. సూడోమొనాస్ స్థిరపడినవారికి పీల్చే కోలిస్టిన్ లేదా టోబ్రామైసిన్ ఉపయోగిస్తారు. సూడోమొనాస్ మొదటిసారి కనిపించినప్పుడు మాత్రం దాన్ని పూర్తిగా తొలగించే ప్రయత్నం చేయాలి కనుక, ఆ కల్చర్ కాగితాన్ని తరువాతి సందర్శన వరకు దాచుకోకుండా వెంటనే చూపించండి.

స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఉబ్బసం, సీఓపీడీ (పొగ వంటి కారణాలతో నాళాలు ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు), బూజు అలర్జీ ఉన్నవారికే, అందరికీ కాదు. 2025 ఆగస్టులో అమెరికా ఔషధ సంస్థ ఆమోదించిన బ్రెన్సోకాటిబ్ అన్న మాత్ర, క్రిమిని కాకుండా వాపును కలిగించే ఎంజైములను లక్ష్యం చేసుకుంటుంది. దాని గురించి చదివి అడుగుతున్నవారికి నా సమాధానం: పై మెట్లన్నీ సక్రమంగా పాటించినా తిరగబెడుతున్నవారు తమ వైద్యునితో మాట్లాడవలసిన విషయమది, మొదటి మెట్టు కాదు.

జబ్బు ఒకే భాగానికి పరిమితమై, మందులకు లొంగకపోతే శస్త్రచికిత్స కొందరికి తగినది.

## 12. గాలి, తిండి, నడక, టీకాలు

ఏటా ఫ్లూ టీకా, వైద్యుని సలహాతో న్యూమోకాకల్ టీకా. ఈ రెండింటికీ వాయిదా అక్కర్లేదు.

పెరుగు, అరటిపండు, జామ "కఫం చేస్తాయి" అని ఇంట్లో పెద్దలు మాన్పించడం సాధారణం. ఈ జబ్బులో బరువు తగ్గడమే అసలైన ప్రమాదం, కాబట్టి గుడ్డు, చేప, పప్పు, పెరుగు తగ్గించకండి. పుల్లని తేన్పులున్నవారు రాత్రి భోజనానికి, పడకకు మధ్య రెండు మూడు గంటలు ఎడం ఉంచితే చాలు.

నడక కూడా కఫాన్ని కదిలిస్తుంది. బీచ్ రోడ్డు సమతలంగా ఉంటుంది కనుక మొదలుపెట్టడానికి అనువైనది. మాట్లాడగలిగేంత ఆయాసంతో రోజూ 10 నిమిషాలు నడిచి, వారం వారం పెంచండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేయవచ్చా అని అడిగేవారున్నారు. 32 కిలోమీటర్ల నడక అది. నెలల ముందు నుంచే సాధన ఉండి, ఆ వారంలో కఫం మామూలుగా ఉండి, వైద్యుడు సరే అంటే తప్ప వద్దు.

ఓడరేవు చుట్టుపక్కల బొగ్గు, ఖనిజ ధూళి ఎగిరే ప్రాంతాల్లో నివసించేవారు గాలి ఆ వైపు నుంచి వీచే వేళల్లో కిటికీలు మూసి, చీపురు బదులు తడిగుడ్డతో నేల తుడవాలి. ధూళిలో పనిచేసేవారికి ఎన్95 మాస్కు ఉండాలి. భోగి మంటకు, దీపావళి టపాసులకు, గదిలో వెలిగించే దోమల చుట్టకు, అగరొత్తులకు దూరంగా ఉండండి. పొగ తాగే అలవాటు ఉంటే అది మానకుండా పై మెట్లేవీ పూర్తిగా పనిచేయవు.

## 13. సమీక్షకు తీసుకెళ్లవలసినవి

తేలిక జబ్బుకు ఏడాదికోసారి, తరచుగా తిరగబెట్టేవారికి అంతకంటే దగ్గర దగ్గరగా సమీక్ష ఉండాలి.

- గత సమీక్ష తరువాత ఎన్నిసార్లు తిరగబెట్టింది, ఏ మందు ఎన్ని రోజులు వాడారు.
- బరువు.
- స్పైరోమెట్రీ, నిలకడగా ఉన్నప్పటి కఫం కల్చర్. ఏడాదికి కనీసం ఒక కల్చర్, తిరగబెట్టకపోయినా.
- కఫం తీసే పద్ధతిని ఫిజియోథెరపిస్టు ముందు మరోసారి చేసి చూపించడం.
- నెబ్యులైజర్ గిన్నె, ఇన్‌హేలర్లు, వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేద, హోమియో మందులతో సహా.
- కొత్తగా చేరిన చెవిలో హోరు, గుండె దడ, కాళ్ల వాపు వంటి బాధల జాబితా.